వంటయిల్లు మయసభ కారాదు



భారతమున సభాపర్వము చదివినవారికి మయసభ సంగతి తెలిసినదే. స్ఫటికపు నేలను జూచి నీరని భ్రమించి సుయోధనుడు కట్టుపుట్టము నెత్తిపట్టుకొని నడచెను. నిజముగా నీరున్న చోట నేలయని యడుగుంచి మడుగున బడెను. చిన్ననాట మా తండ్రిగారు ఆ ఘట్టమును నన్నయగారి పద్యములతో వినిపించుచుండగా నేను పకపక నవ్వెడుదానను. "మనిషి పడినచోట నవ్వరాదమ్మా" యని ఆయన మందలించెడివారు. నేలకు నునుపు మితిమీఱినచో నేమగునో ఆ కథలోనే యున్నది. చదివినదానను నేనే, వేళకు మఱచినదానను నేనే.

మాది బాపట్ల ప్రాంతము. మావారు పాఠశాలలో ఉపాధ్యాయులు. 2021వ సంవత్సరమున భవిష్యనిధి నుండి అప్పుదీసి మా పాతయింటి వంటగదిని బాగుచేయించితిమి. మా మామగారి నాడు పఱచిన నాపరాళ్ళు అక్కడక్కడ క్రుంగి, సందులు విచ్చి యుండెను. వాని స్థానమున వేయించుటకు పట్టణపు అంగడిలో అద్దమువలె మెఱయు తెల్లని టైల్సు జూచి నేను మనసుపడితిని. మా అత్తగారు ఒక పలకను చేతితో తడవి, "తడికాలు నిలుచునా, అమ్మాయీ?" యని యొక్కమాట యడిగిరి. "ఇప్పుడందఱి యిండ్లలో నివేగదా, అత్తయ్యగారూ" యని నేనంటిని. ఆమె మఱి మాటాడలేదు.

నాలుగు మాసములు గడచినవి. చూడవచ్చిన వారెల్ల మెచ్చుకొనుచుండిరి. ఒక తెల్లవాఱుజామున అత్తగారు పెఱటిలో కాళ్ళు కడిగికొని పాలు కాచుటకు లోనికి వచ్చిరి. ముందునాటి రాత్రి పోపు పెట్టునప్పుడు చిందిన నూనెచుక్కలు నేలపై నుండెను. తుడిచితిననియే నే ననుకొంటిని. ఆ మెఱుపుమీద నూనె మెఱుపు కంటి కానలేదు. ఆమె పడిన చప్పుడునకు ఇల్లెల్ల మేలుకొన్నది. తుంటియెముక విఱిగినది. శస్త్రచికిత్స యైన పిదప మూడు మాసములు మంచమే గతి. వంటగదికైన వ్యయము కంటె వైద్యమునకైన వ్యయమే మిక్కిలియైనది. డెబ్బదియేండ్లు దాటినవారికి ఆ యెముక విఱుగుట ప్రాణముమీదికి గూడ రావచ్చునని వైద్యులు చెప్పినప్పుడు నాకు నోట తడి యారిపోయినది. ఆమె మాత్రము నన్నొక్క మాటయైన ననలేదు. అనియుండిన నా మనస్సునకు కొంత తేలిక కలిగెడిదేమో.

ఆమె మంచముప్రక్క కూర్చున్న రాత్రులలో నేను నేర్చుకొన్న దొక్కటే. ఇంటికొక వస్తువును గొనునప్పుడు "ఇది యెంత యందముగా నున్నది?" యనునది రెండవ ప్రశ్న. "దీనికి శత్రువెవరు? ఆ శత్రువు మా యింట నున్నాడా?" యనునది మొదటి ప్రశ్న. మనస్సునకు అరిషడ్వర్గ మున్నట్లే వంటయింటికిని ఆఱుగురు శత్రువులు గలరు: నీరు, నూనె, పులుపు, ఉప్పు, వేడి, చెద. వీరిలో మొదటి యైదుగురు లేకున్న వంటయే లేదు. కావున వారిని వెడలగొట్టుట కాదు, వారి తాకిడికి నిలుచు వస్తువును దెచ్చుకొనుటయే మన పని.

నేల

నేలకు శత్రువులు నీరును నూనెయును. టైల్సని మనము పిలుచు పలకలలో రెండు తెగలు ముఖ్యములు. విట్రిఫైడు పలక మిక్కిలి వేడిమిలో గాలి గట్టిపడినది. అది పీల్చు నీరు తన బరువులో నూటికి అరపాలు మించదు. గోడలకు వేయు సాధారణ సిరామిక్ పలక నూటికి పదిపాళ్ళకు మించి నీరు పీల్చును. కావున గోడపలకను చవుకయని నేలకు వేయింపరాదు. అయితే నీరు పీల్చకుండుట వేఱు, కాలు జాఱకుండుట వేఱు. నేను ఈ రెంటిని ఒకటిగా దలచి మోసపోయితిని.

కాలు నిలుచుట పైభాగపు గరుకుదనమును బట్టి యుండును. కొన్ని పలకల పెట్టెలమీద "ఆర్" అను అక్షరము ప్రక్కన 9 మొదలు 13 వఱకు నొక యంకె యుండును. అంకె పెరిగినకొలది జాఱుట తగ్గును. వంటయింటికి 10గాని 11గాని యున్న మంచిది. మఱింత గరుకైనచో ముఱికి పట్టి తుడుచుట కష్టమగును. అంకె లేకున్న చింతలేదు. అంగడివాని నడిగి ఒక పలకను నేలపై బెట్టించి, దానిపై నీరుపోసి, చెప్పులు విడిచి పాదము మోపి చూడుడు. అంగడివాడు నవ్విన నవ్వనిండు. ఇంటిలోని పెద్దవారిని వెంట దీసికొనిపోయి వారిచేత గూడ త్రొక్కించి చూచుట మఱియు మేలు.

మన ప్రాంతములందు దొరకు మాచర్ల, బేతంచెర్ల, తాండూరు బండలు మెఱుగు పెట్టనివైనచో కాలికి చక్కగా పట్టునిచ్చును. ఇవి యన్నియు సున్నపురాతి జాతివే. అమరావతి స్తూపపు శిల్పములు చెక్కబడినది పలనాటి సున్నపురాతి మీదనే. ఉలికి లొంగునంతటి మెత్తనిదయ్యు నన్ని శతాబ్దములు నిలిచిన రాయి మన యింట నిలువదా? కాని దీనికొక శత్రువు గలదు. దానిని గుఱించి యిక జెప్పెదను.

వంటగట్టు

చింతపండు పిసుకునదియు, నిమ్మకాయ కోయునదియు, మజ్జిగ చిలుకునదియు వంటగట్టు మీదనే. కావున గట్టునకు ప్రధానశత్రువు పులుపు. సున్నపురాయి గాని, పాలరాయి గాని పులుపు తగిలినచో కరగును. మఱక పట్టుట కాదు, రాయియే కొంచెము తరిగిపోవును. అందుచేత ఎంత తుడిచినను ఆ చోటు మరల మెఱయదు. తెల్లని పాలరాతి గట్టు వేయించుకొన్న యిల్లాలు పులిహోర చేసిన ప్రతి పండుగకు నొక మచ్చను లెక్కపెట్టుకొనవలసినదే.

గ్రానైటు వేఱు జాతి. అది అగ్నిశిల; పులుపునకు లొంగదు, వేడికి తాళును. కరీంనగరము ప్రాంతమునను, ప్రకాశము జిల్లా చీమకుర్తియందును దొరకు రాళ్ళు దేశదేశములకు బోవుచున్నవి. చీమకుర్తి నల్లరాతిలో నక్షత్రములవలె బంగారు చుక్కలు మెఱయుచుండును. అయితే తెల్లనివన్నియు పాలు గానట్లే నల్లనివన్నియు గ్రానైటు గావు. మెఱుగుపెట్టిన కడప నల్లబండ చూపునకు గ్రానైటువలెనే యుండును, అది సున్నపురాయియే. తెలిసికొను విధము సులువు. రాతితునక నొకటి యడిగి తెచ్చుకొని నిమ్మరసపు చుక్కలు వేసి కొంతసేపు విడిచి తుడిచి చూడుడు. ఆ చోటు మెఱుగు చెడి పాలిపోయినచో అది గ్రానైటు గాదు. నీటిచుక్క వేసిన చోట కొద్ది నిమిషములలో రంగు ముదిరినచో ఆ రాయి నీరు పీల్చుచున్నదని యర్థము. దానికి సీలరను పూత పూయించి, ఆ పూత పలుచబడినప్పుడెల్ల మరల పూయించుకొనవలెను.

ఇప్పుడు క్వార్ట్జు బల్లలను పేర రాతిపొడిని రెసినుతో కలిపి చేసిన పలకలు వచ్చినవి. వీనికి పులుపు భయము లేదు గాని వేడి భయ మున్నది. పొయ్యి దింపిన కుక్కరును తిన్నగా వీనిపై బెట్టరాదు. మఱియొక సంగతి. ఈ పలకలను కోయునప్పుడు లేచు ధూళిలో సిలికా మిక్కుటము. అది కోయువాని ఊపిరితిత్తులను పాడుచేయును. ఆ కారణముచేతనే ఆస్ట్రేలియా దేశము 2024 జులై 1వ తేదీ నుండి యీ పలకల వాడుకను నిషేధించినది. గ్రానైటు ధూళియు మంచిది గాదు. మీ యింట ఏ రాయి కోయించినను నీరుపోయుచు కోయుమని మేస్త్రికి చెప్పుడు. ముక్కునకు కట్టుకొను ముసుగు మీరే తెచ్చియిండు. మన గట్టు మెఱయుటకై ఒకని ఊపిరి చెడరాదు గదా.

గోడలు

పొయ్యి వెనుకగోడకు నూనె, ఆవిరి శత్రువులు. గట్టుమీద రెండడుగుల యెత్తువఱకు నున్నని టైల్సు వేయించుట మంచిది. నునుపునకు తగిన స్థానము గోడయే గాని నేల గాదు. తక్కిన గోడలకు సున్నము నేటికిని మంచిదే. పిడుగురాళ్ళ సున్నము మన కెల్లరకు తెలిసినదే. పూసిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మరల రాయిగా మాఱును. దానికి క్షారగుణ ముండుటచే బూజు త్వరగా పట్టదు. అయితే తడిబట్టతో తుడుచుటకు వీలుపడదు, చేయి తగిలిన అంటును. పసిపిల్లలున్న యింట చేయి అందునంతవఱకు కడుగదగిన రంగును, పైన సున్నమును వేయించుకొనవచ్చును. సున్నము కలుపునప్పుడు పిల్లలను దూరముగా నుంచుడు. అది కంటబడినచో చూపునకే ముప్పు.

కఱ్ఱ సామాను

కఱ్ఱకు శత్రువులు నీరును చెదయును. టేకులో సహజముగనే చెదకు గిట్టని తైలము లుండుటచే అది తరతరములు నిలుచును. మా అమ్మమ్మగారి టేకుపెట్టెలో నేటికిని మా పట్టుచీర లున్నవి. కాని టేకు వెల అందఱకు అందదు. ప్లైవుడ్డు కొనువారు దానిపై ముద్రించిన భారతీయ ప్రమాణపు సంఖ్యను చూడవలెను. ఐ.ఎస్. 303 అనునది సాధారణపు రకము. పడకగది బీరువాలకు చాలును. ఐ.ఎస్. 710 అనునది మరుగునీటికి గూడ విడని జిగురుతో నంటించినది. సింకు క్రింది అలమారకు ఇదియే తగినది. ఱంపపుపొట్టును జిగురును కలిపి ఒత్తిన పలకలు చవుకయే గాని, అంచున నీరు దిగినచో అటుకులవలె ఉబ్బి మరల యథాస్థితికి రావు.

చెదకు చీకటి, తేమ ప్రియము. అలమారను గోడకు అంటింపక నాలుగు వ్రేళ్ళ యెడమిచ్చి నిలుపుడు. నెలకొకమాఱు వెనుకభాగమున దీపము పట్టి చూడుడు. మట్టిగీత కనబడినచో ఆనాడే పనివానిని పిలిపించవలెను గాని పండుగ వెళ్ళనిమ్మని యుపేక్షింపరాదు.

కఱ్ఱపై వేయు మెఱుగులలో లక్కను స్పిరిటులో కరగించి పూయునది పూర్వమునుండి యున్నది. ఏటికొప్పాక బొమ్మలకు ఆ నిగనిగ కలుగునదియు లక్కచేతనే. తిరుగుచున్న కఱ్ఱకు లక్కకడ్డిని ఒత్తినచో ఆ రాపిడి వేడికే అది కరగి పట్టుకొనును. వేడికి కరగి యంటినది వేడికే చెడునని వేఱుగ చెప్పవలెనా? లక్క మెఱుగుగల బల్లపై వేడిపాత్ర పెట్టరాదు. చేతులకు రాచుకొను సానిటైజరులో మద్యసార ముండును. అది యొలికినచో ఆ మెఱుగు కరగిపోవును. అట్టి బల్లలను పొడిబట్టతో దుమ్ము దులిపి, పిండిన తడిబట్టతో తుడిచి వెంటనే ఆరనిచ్చిన చాలును.

పాత్రల పూతలు

కంచు, రాచిప్పల విషయము మీకు నేను చెప్పవలసినది లేదు. ఇత్తడి, రాగి పాత్రలకు శత్రువు పులుపు. కళాయి వారికి కవచము. లోపల కళాయి చెదరి ఎఱుపుగాని పసుపుగాని కనబడిన నాటినుండి ఆ పాత్రలో పులుసు కాచరాదు, పెరుగు తోడువేయరాదు. కళాయి తగరముతో పూయుదురు. తగరము 232 సెంటిగ్రేడు డిగ్రీల వేడికే కరగును. కావున కళాయి గిన్నెను ఖాళీగా మంటపై నుంచరాదు. లోహపు పీచుతో రుద్దరాదు.

అంటుకొనని పెనములపై నుండు నల్లని పూత 260 డిగ్రీలు దాటినచో చెడుట కారంభించి, మంచిది గాని పొగలను వెడలించును. దానిని సన్నసెగపై వాడి, కఱ్ఱగరిటెతో తిప్పవలెను. పూత లేచినచో పాఱవేయుటే మంచిది. ఇనుప పెనమునకు ఇట్టి చింత లేదు. కడిగిన వెంటనే ఆరబెట్టి నూనె చేయి రాచినచో ఏటేట నున్నబడునే గాని పాడుగాదు.

స్టెయిన్‌లెస్ స్టీలునకు పులుపు భయము తక్కువ. ఉప్పు భయ మున్నది. నూటికి 18 పాళ్ళు క్రోమియము, 8 పాళ్ళు నికెలు గల స్టీలు మేలైనది. దానిలోని క్రోమియము గాలితో గలిసి కంటికానని పొరగా నేర్పడి లోహమును కాపాడును. ఎసటిలో ఉప్పు వేయవలసినప్పుడు నీరు తెర్లిన పిదప వేసి కలుపుడు. చన్నీటిలో వేసిన ఉప్పు అడుగున నిలిచి చిన్నచిన్న గుంటలు పెట్టును. మావంటి సముద్రతీరపు ఊళ్ళలో సింకును రాత్రి పొడిబట్టతో తుడిచి పరుండుట మంచి యలవాటు.

తెఱలు, చాపలు

ఇక్కడ రెండు మాటలతో ముగించెదను. పొయ్యి దాపున తెఱ వ్రేలాడరాదు. కిటికీకి తప్పదన్నచో పొట్టి నూలుతెఱ వేయుడు; కృత్రిమపు దారముల బట్ట నిప్పంటిన కరగి ఒంటికి అతుకుకొనును. పెడన కలంకారి తెఱలు కన్నుల పండువే గాని ఎండ వానికి శత్రువు. ఎండ తగులని ప్రక్క కట్టి, నీడన ఆరవేయవలెను. వరంగల్లు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినది; అవి కూర్చుండు గదికి శోభ. నున్నని నేలపై ఏ జంపఖానా పఱచినను అడుగున రబ్బరు వల వేయనిచో అదియు కాలిక్రిందనుండి జాఱును.

శుభ్రము చేయుటలో ఒక హెచ్చరిక

ఇంతవఱకు చెప్పినదానిలో ఏది మఱచినను ఇది మఱవకుడు. స్నానాలగదికి వాడు ఆసిడును బ్లీచింగు పొడితో నెన్నడును కలుపరాదు. ఒకటి పోసిన చోట కడుగకుండ రెండవది చల్లరాదు. ఆ కలయికవలన క్లోరినను విషవాయువు పుట్టి గొంతును, ఊపిరితిత్తులను దహించును. మూసిన చిన్నగదిలో నిది ప్రాణాంతకము. ఆసిడు పలకల సందులలోని సిమెంటును తినివేయును, నాపరాతిని కరగించును. నేలకు సబ్బునీరు, నూనెజిడ్డునకు వేడినీటిలో కలిపిన వంటసోడా చాలును. చిందిన నూనెను ముందు పిండితోగాని కాగితముతోగాని అద్ది తీసి, తరువాత సబ్బునీటితో కడిగి, పిమ్మట పొడిగా తుడువవలెను. పరుండబోవుటకు ముందు ఈ పని చేసి, పాదముతో నొకమాఱు రాచి చూచుకొనుట మా యింట నిప్పుడు నియమము.

2022వ సంవత్సరమున సంక్రాంతికి ముందు చీట్లలో కూడిన సొమ్ము వెచ్చించి ఆ తెల్లని పలకలను త్రవ్వించివేసితిమి. మెఱుగుపెట్టని మాచర్ల బండలను వంటయింటను, పెఱటివాకిలి వఱకును వేయించితిమి. మిగిలియున్న యొక పెట్టె తెల్లపలకలను పొయ్యి వెనుకగోడకు వేయించితిని. అక్కడ నవి యెంతయో యందముగా నున్నవి. దోష మా పలకలది గాదు, చోటెఱుగని నాది. ఈసారి మేస్త్రి బండలు తెచ్చిననాడు మొదట అడిగినది మా అత్తగారినే. ఆమె చేతికఱ్ఱ ఊతముగా వచ్చి, నీళ్ళు పోయించుకొని, ఒక బండపై పాదము మోపి కొంతసేపు నిలిచిరి. "ఇది నిలుచును, అమ్మాయీ" యనిరి. అంతకు మించి మఱేమియు ననలేదు.

సోదరులారా, పరీక్షకు మనకు పెద్ద యంత్రము లక్కఱలేదు. ఒక నిమ్మచెక్క, ఒక చెంబెడు నీరు, ఇంటిలో నెల్లరకంటె నెమ్మదిగా నడచువారి పాదము ఉన్న చాలును. సొమ్ము చెల్లింపకముందే ఆ మూడింటిని అడుగుడు. నేను చెల్లించిన పిదప అడిగితిని.